నకమురా గెలుపు చేతివేగంలో లేదు

చెస్ ఆటగాడు హికారు నకమురా ఆన్‌లైన్‌లో ఆడే బుల్లెట్ గేమ్ (ఒక్కొక్కరికి ఒకటి రెండు నిమిషాలే దొరికే ఆట) చూసినవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "అబ్బ, ఏం చేతివేగం!" ప్రీమూవ్‌ల, అంటే అవతలివాడు ఆడకముందే పెట్టేసుకున్న ఎత్తుల, గడులు బోర్డు మీద వరసగా వెలుగుతుంటాయి, మౌస్ ఆగదు, అవతలివాడి గడియారం సున్నాకు జారిపోతుంది. అదే గేమును రెండోసారి తెరిచి, ఈసారి బోర్డును వదిలేసి రెండు గడియారాల మీదే కన్ను వేస్తే సంగతి వేరుగా ఉంటుంది. నకమురా ప్రతి ఎత్తూ మెరుపులా వేయడు. ఆగాల్సిన చోట ఆగుతాడు. అక్కర్లేని చోట అర సెకను కూడా ఇవ్వడు. ఆన్‌లైన్‌లో చేతివేగం ఉన్న కుర్రాళ్లు కోకొల్లలు. ఏ ఎత్తుకు ఎంత ఖర్చు పెట్టాలో తెలిసినవాళ్లే తక్కువ. తన ఎత్తులు చవగ్గా తేలిపోవాలి, అవతలివాడి ఎత్తులు ఖరీదు కావాలి. అతని ఓపెనింగుల (ఆట మొదటి ఎత్తులు) నుంచి ఎండ్‌గేముల (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) దాకా అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. అతను ఓడిపోయే చోట కూడా ఈ లెక్కే తిరగబడుతుంది.

1987లో జపాన్‌లోని హిరకతాలో పుట్టి, రెండేళ్ల వయసులో అమెరికా చేరిన నకమురా 2003లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అమెరికా జాతీయ టైటిల్ అయిదుసార్లు గెలిచాడు. 2015 అక్టోబరులో, గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలో అతని రేటింగ్ (ఆటగాడి బలాన్ని కొలిచే అంకె) 2816కు చేరింది. అయితే ఇక్కడ మనకు కావాల్సిన రికార్డు చెస్.కామ్ సైట్ నడిపే స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌ది. 2018 నుంచి 2022 దాకా వరసగా అయిదుసార్లు అతనే విజేత. అంతకుముందు 2016, 2017 పోటీల ఫైనళ్లలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఓడాడు. 2022 ఫైనల్లో అదే కార్ల్‌సన్‌ను 14.5-13.5తో ఓడించాడు, 2023లో 12.5-13.5తో కోల్పోయాడు. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది గేముల తర్వాత ఒక్క పాయింటు తేడా.

ఈ పోటీ ఫార్మాట్ తెలియకపోతే అతని ఆట సగమే అర్థమవుతుంది. ఆ ఏళ్లలో మ్యాచ్ మూడు గంటలు సాగేది: 90 నిమిషాలు 5+1 గేములు, 60 నిమిషాలు 3+1, చివరి 30 నిమిషాలు 1+1. 5+1 అంటే ఆటకు ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ ఒక సెకను అదనం. ఆ అదనమే ఇంక్రిమెంట్. నలభై ఎత్తుల గేము అనుకుంటే 5+1లో ఎత్తుకు సగటున 8.5 సెకన్లు దొరుకుతాయి. 3+1లో 5.5, 1+1లో 2.5. ఇంక్రిమెంట్ లేని 1+0 అయితే 1.5 సెకన్లే. అంటే ఒకే మ్యాచ్‌లో మూడు రకాల ఆటలు. 5+1లో లోతుగా లెక్కించేవాడికి లాభం. 1+1కి వచ్చేసరికి మూడో గంట అలసట కూడా బోర్డు దగ్గర కూర్చుంటుంది. విడత ముగింపు గేముల సంఖ్యను బట్టి కాదు, సమయాన్ని బట్టి. కాబట్టి ముందంజలో ఉన్నవాడు ఒక్కో గేమును ఎంత సాగదీస్తే వెనకబడ్డవాడికి అన్ని గేములు తగ్గుతాయి. సమంగా ఉన్న ఎండ్‌గేమును డెబ్బై ఎత్తుల దాకా లాగడం ఇక్కడ మొండితనం కాదు, వ్యాపారం.

ఓపెనింగుల దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో (మూడు నుంచి అయిదు నిమిషాల ఆట) తెల్లపావులతో అతను ఎన్నో ఏళ్లుగా తరచూ వాడుతున్న ఎత్తు 1. బీ3, అంటే మొదటి ఎత్తుగా బీ నిలువు వరుసలోని బంటును మూడో అడ్డవరుసకు తోయడం. క్లాసికల్ పోటీల్లో పెద్దవాళ్లు అరుదుగా వేసే ఎత్తు ఇది. దీనివల్ల తెల్లకు వచ్చే ఆధిక్యం దాదాపు ఏమీ లేదని ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం) చెబుతుంది. నిజమే. కానీ బిషప్ బీ2, ఈ3, గుర్రం ఎఫ్3 అంటూ తెల్ల ఎత్తులు చాలావరకు ముందే తెలిసినవి. అయిదారు ఎత్తులు రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. నల్లవైపు ఉన్నవాడు మాత్రం బంటును ఈ5కి తోయాలా, డీ5తో సరిపెట్టుకోవాలా, బీ2 బిషప్ చూపును ఎక్కడ ఆపాలి అని మొదటి ఎత్తు నుంచే ఆలోచించాలి. ఇంజిన్ లెక్కలో 0.2 బంటు తక్కువైనా గడియారం లెక్కలో పదిహేను సెకన్లు ఎక్కువైతే అది లాభసాటి బేరమే.

ఈ ఓపెనింగులోనే ఒక చిన్న ఉచ్చు ఉంది. బుల్లెట్‌లో రోజూ ఎవరో ఒకరు అందులో పడుతూనే ఉంటారు. నల్లతో కింగ్స్ ఇండియన్ అనే అమరిక అలవాటున్నవాళ్లు మొదటి మూడు నాలుగు ఎత్తులు బోర్డు చూడకుండానే ప్రీమూవ్ పెట్టేస్తారు: జీ6, తర్వాత బిషప్ జీ7. తెల్ల 1. బీ3 వేసింది, నల్ల జీ6 వేసింది. తెల్ల 2. బిషప్ బీ2. ఇప్పుడు జీ7 గడి ఖాళీ, ఆ బిషప్ చూపు నేరుగా హెచ్8లోని రూక్ మీద పడింది. ప్రీమూవ్‌లో ఉన్న బిషప్ జీ7 దానంతట అదే పడిపోతుంది. తెల్ల ఆ బిషప్‌ను ఉచితంగా తీసుకుంటుంది. జీ7కు కాపలా లేదు, మూలలో రూక్‌కు పారిపోయే దారీ లేదు. రెండు పావులు, మూడు ఎత్తులు, గేమ్ అయిపోయింది. ప్రీమూవ్ పెట్టకుండా కళ్లు తెరిచి ఆడినా సుఖం లేదు. నల్ల 2... గుర్రం ఎఫ్6 అని అడ్డం పెడితే తెల్ల ఆ గుర్రాన్ని కొట్టి ఎఫ్ వరుసలో రెండు బంట్లు ఒకదాని వెనక ఒకటి పేర్చేలా చేయగలదు. మొదటే 1... గుర్రం ఎఫ్6 వేసి, బిషప్ బీ2 తర్వాత జీ6 అన్నా జరిగేది అదే. అందుకే 1. బీ3కి ఎదురుగా మొదటి రెండు ఎత్తులు ప్రీమూవ్ పెట్టకూడదు. పెట్టితీరాలంటే ఈ6, డీ5 లాంటి హానిలేని బంటు ఎత్తులు పెట్టుకోవాలి.

వింత ఓపెనింగులన్నీ ఈ కోవకు చెందవు. 2005లో కోపెన్‌హేగన్, మాల్మోలలో జరిగిన సిగెమాన్ టోర్నీలో చెన్నై గ్రాండ్‌మాస్టర్ కృష్ణన్ శశికిరణ్ మీద నకమురా 1. ఈ4 ఈ5 2. క్వీన్ హెచ్5 ఆడాడు. స్కూలు పిల్లలు నాలుగు ఎత్తుల్లో మేట్ పెడదామని వేసే ఎత్తు. గేమ్ చాలాసేపు సాగింది గానీ ఓడింది నకమురానే. 2021 మార్చిలో కార్ల్‌సన్, నకమురా ఇద్దరూ రెండో ఎత్తుకే రాజును ముందుకు జరిపి, వెనక్కి తెచ్చి, ఆరు ఎత్తుల్లో డ్రా చేసుకున్న ఆన్‌లైన్ గేమ్ గురించి అందరికీ తెలుసు. అప్పటికే ఇద్దరూ తర్వాతి దశకు చేరిపోయారు, అదొక సరదా. దాన్ని చూసి తమ గేముల్లో రాజును ముందుకు నడిపేవాళ్లు నకమురా నుంచి నేర్చుకుంటున్నది ఏమీ లేదు. బీ3తో సమయం మిగులుతుంది. రాజు ఎత్తుతో సమయమూ మిగలదు, కోటా మిగలదు.

మధ్య ఆటలో అతని బలం లెక్కింపు. స్ట్రీమ్‌లో ఆడుతూ పైకి చెప్పే ధోరణి చాలామందికి పరిచయమే: కళ్లు బోర్డు మీద నుంచి తీసి పైకప్పు వైపు చూస్తూ "టేక్స్, టేక్స్, టేక్స్" అని వరస చదివి, చివర్లో ఒక గడి పేరు చెప్పి ఆగుతాడు. చూడ్డానికి వినోదంగా ఉంటుంది గానీ అందులో ఒక పద్ధతి ఉంది. ముందు బలవంతపు ఎత్తులు: చెక్కులు, కొట్టుడులు, బెదిరింపులు. ఆ వరస ఎక్కడ ఆగుతుందో అక్కడ బోర్డును ఒక్కసారి మనసులో చూసుకుంటాడు. వరస తనకు నష్టమైతే వెంటనే వదిలేసి, పావును కాస్త మెరుగైన గడికి జరిపే మామూలు ఎత్తు వేస్తాడు. వదిలేయడం అన్నదే కష్టమైన భాగం. క్లబ్ స్థాయి ఆటగాడు పన్నెండు సెకన్లు ఒక త్యాగాన్ని లెక్కించి, తేలకపోతే, పెట్టిన సమయం వృథా అవుతుందన్న బాధతో అదే ఎత్తు వేసేస్తాడు. పోయిన సెకన్లు ఎలాగూ పోయాయి. వాటికోసం బిషప్‌ను కూడా పారేయడమెందుకు?

బోర్డు మూసుకుపోయిన స్థితుల్లో అతని ఓపికకు సాక్ష్యం 2008 నాటి ఒక గేమ్. ఇంటర్నెట్ చెస్ క్లబ్‌లో, 3+0లో, ఆనాటి మేటి ఇంజిన్ రిబ్కా మీద నల్లతో ఆడి 271 ఎత్తుల్లో గెలిచాడు. 180 సెకన్లలో 271 ఎత్తులంటే ఎత్తుకు సెకనులో మూడింట రెండు వంతులు. బంట్లన్నీ ఒకదానికొకటి ఎదురుగా బిగుసుకుపోయాయి. నకమురా పావులను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. పావుల లెక్కలో రిబ్కాదే పైచేయి, కాబట్టి దాని దృష్టిలో డ్రా అంటే నష్టం. బంటు కదలకుండా, పావు కొట్టకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అవుతుంది గనక, దాన్ని తప్పించుకోవడానికి యంత్రం తన కోటను తానే తెరుచుకుంది. గెలుపు ఖాయమయ్యాక నకమురా బంట్లను క్వీన్‌లుగా కాకుండా బిషప్‌లుగా మార్చుకున్నాడు. అది కాస్త చిలిపితనం. ఎదుటివాడికి కదలక తప్పని పరిస్థితి తెచ్చి, తాను కదలకుండా ఉండటం మాత్రం చిలిపితనం కాదు. మనుషుల మీద కూడా అతను ఇదే చేస్తాడు.

చివరి పది సెకన్ల సంగతి సైట్‌ను బట్టి మారుతుంది. చెస్.కామ్‌లో ప్రతి ప్రీమూవ్‌కు 0.1 సెకను కోత పడుతుంది, ఒకదాని వెనక ఒకటి ఎన్నో పేర్చుకోవచ్చు. లీచెస్‌లో కోత లేదు, కానీ ఒక్క ప్రీమూవ్ మాత్రమే పెట్టగలం. కాబట్టి చెస్.కామ్ 1+0లో మూడు సెకన్లు మిగిలితే గరిష్ఠంగా ముప్ఫై ప్రీమూవ్‌లు. రూక్, రాజుతో ఒంటరి రాజును మేట్ చేయడానికి అవి సరిపోతాయి, కానీ వరస ముందే మనసులో ఉండాలి. ఇంక్రిమెంట్ ఉన్న 1+1లో లెక్క తలకిందులవుతుంది. ఒక్కో ప్రీమూవ్‌కు 0.1 పోయి 1 సెకను వస్తుంది, అంటే 0.9 మిగులు. పది సురక్షితమైన ఎత్తులు ప్రీమూవ్‌లో వేసినవాడి గడియారానికి తొమ్మిది సెకన్లు తిరిగొస్తాయి. ఇంక్రిమెంట్ గేములో రాజును రెండు గడుల మధ్య తిప్పుకునే వీలున్నవాడిని టైమ్ మీద ఓడించడం వల్లకాదు. వాడికి ఆ వీలు లేకుండా చేయాలి, అంటే ప్రతి ఎత్తుకూ చెక్కో, బెదిరింపో ఉండాలి. నకమురా చివరి దశలో అవసరం లేకపోయినా చెక్కులు ఇవ్వడం వెనక ఉన్నది ఇదే. చెక్కుకు జవాబు ఒకటి రెండు గడులే, ప్రీమూవ్‌గా ఊహించి పెట్టింది చెల్లదు, అవతలివాడు నిజంగా చూసి ఆడాలి. ఆ చూపుకు అర సెకను.

ఇంత వేగంలో వరస విజయాలు చూసి అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. 2023లో నకమురా ఒక దశలో 46 బ్లిట్జ్ గేముల్లో 45.5 పాయింట్లు సాధించాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ దాన్ని ప్రశ్నించాడు. చెస్.కామ్ పరిశీలించి తప్పేమీ లేదని తేల్చింది. కాగితం మీద మనమే చూసుకోవచ్చు. రేటింగులు లెక్కించే ఈలో సూత్రం ప్రకారం రేటింగ్‌లో 400 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి ఆశించదగిన స్కోరు 91 శాతం. ఒక్కో గేము గెలిచే అవకాశం 0.91 అనుకుంటే వరసగా 45 గెలిచే అవకాశం దాదాపు 1.4 శాతం. 0.95 అనుకుంటే దాదాపు 10 శాతం. తనకంటే బాగా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లతో ఏళ్ల తరబడి వేల గేములు ఆడేవాడి చరిత్రలో ఇలాంటి వరస ఒకటి రాకపోతేనే వింత. బలమైనవాళ్లతో మాత్రమే ఆడినప్పుడు అతనికి ఇలాంటి వరసలు రావు, అదీ గమనించాలి.

ఇక లోపాలు. చవక ఓపెనింగుతో పదిహేను సెకన్లు కొనుక్కోవడమన్నది అవతలివాడు నిజంగా ఆ సెకన్లు ఖర్చు పెట్టినప్పుడే పనిచేస్తుంది. కార్ల్‌సన్, అలీరెజా ఫిరూజా లాంటివాళ్లు అలా చేయరు. బీ3 చూసి వాళ్లు తడుముకోరు, తమకు నచ్చిన అమరిక అంతే వేగంగా వేస్తారు. అప్పుడు నకమురాకు మిగిలేది సమంగా ఉన్న స్థితి, సమంగా ఉన్న గడియారం, వదులుకున్న తెల్లపావుల లాభం. 2024లో స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ చివరి దశ ఇళ్లలో నుంచి కాకుండా పారిస్‌లో వేదిక మీద జరిగింది. సెమీఫైనల్లో ఫిరూజా చేతిలో నకమురా ఓడాడు. ఫిరూజా అతనిలాగే వేగంగా ఆడతాడు, పైగా స్థితిని కావాలనే చిక్కుముడి చేస్తాడు. ఓపికగా ఎదురుచూసేవాడికి ఎదురుచూసే తీరిక ఇవ్వకపోవడమే అతని మీద పనిచేసే మందు.

రెండో లోపం ఎదురెదురుగా కూర్చుని బోర్డు మీద ఆడేటప్పుడు కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఇంత ఏలినవాడు ప్రపంచ బ్లిట్జ్ టైటిల్ గెలవలేదు. 2019లో మాస్కోలో కార్ల్‌సన్‌తో సమానంగా నిలిచి ప్లేఆఫ్‌లో ఓడాడు, 2022లో ఆల్మటీలో మళ్లీ రెండో స్థానం. అక్కడ ఆడేది 3+2. ప్రీమూవ్ ఉండదు, పావును చేత్తో జరిపి అదే చేత్తో గడియారం నొక్కాలి, ఎంత లేదన్నా అర సెకను. ఎత్తుకు రెండు సెకన్లు తిరిగొస్తాయి గనక గడియారంతో గొంతు నులమడం కుదరదు. అన్నిటికన్నా పెద్ద తేడా పోటీ తీరు. మూడు గంటలు ఒకే మనిషితో ఆడేటప్పుడు వాడి అలవాట్లు చదివి, అలసట కోసం కాచుకోవచ్చు. స్విస్ పద్ధతిలో ప్రతి రౌండుకూ కొత్త ముఖం. కాచుకుని గెలవడానికి అక్కడ వ్యవధి లేదు.

సిద్ధం చేసుకొచ్చిన దాడికి తడబడటం మూడోది. 2024లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాడిని తేల్చేది ఇదే) అతను రన్నరప్ స్కోరు 8.5 చేశాడు గానీ, నాసిక్ ఆటగాడు విదిత్ గుజరాతీ చేతిలో రెండు గేములూ కోల్పోయాడు. మొదటిదాంట్లో విదిత్ నల్లతో ఆడుతూ హెచ్3 బంటు మీద బిషప్‌ను బలిచ్చి దాడికి దిగాడు. అది క్లాసికల్ గేమే, అయినా రోగలక్షణం అదే: పోరు ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే పని అవతలివాడి చేతికి వెళ్తే నకమురా మామూలు ఎలైట్ ఆటగాడిగా మారిపోతాడు. ఓపెనింగ్ సిద్ధాంతమే లేని చోట మాత్రం ఎవరికీ తీసిపోడు. 2022లో రేక్యవిక్‌లో పావుల మొదటి వరసను తారుమారు చేసి ఆడే ఫిషర్ ర్యాండమ్ ప్రపంచ టైటిల్‌ను రష్యా ఆటగాడు నెపోమ్నియాషి మీద ఆర్మగెడాన్ గేములో (డ్రా అయితే నల్లదే గెలుపనే తేల్చుడు గేము) గెలిచాడు.

నకమురా పద్ధతికి పూర్తి వ్యతిరేక దిక్కున ఉన్నవాడు మన వరంగల్ అర్జున్ ఎరిగైసి. అతను సెకన్లు మిగుల్చుకోవడానికి స్థితిని తేలిక చేయడు. సెకన్లు పోయినా సరే స్థితిని అసమానంగా ఉంచుతాడు. 2025 డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోనూ కాంస్యాలు తెచ్చాడు. బోర్డు మీద 3+2లో ఏ ధోరణి ఎక్కువ కూడబెడుతుందన్న ప్రశ్నకు ఇదొక జవాబు. ఇంట్లో కూర్చుని 3+1 ఆడేవాడికి నకమురా పద్ధతే ఎక్కువ పాయింట్లు తెస్తుంది.

పద్ధతిని అరువు తెచ్చుకోవాలనుకునేవాళ్లు ప్రీమూవ్‌లతో కాకుండా గడియారంతో మొదలుపెట్టాలి. ఇటీవలి 3+1 గేములు ఇరవై తీసి, ఒక్కోదాంట్లో 10, 20, 30 ఎత్తుల దగ్గర తన గడియారంలో ఎంత మిగిలిందో కాగితం మీద రాసుకోవాలి. పదో ఎత్తుకు 2:40, ఇరవయ్యోదానికి 1:50, ముప్ఫయ్యోదానికి 1:00 ఉంటే ఖర్చు సాఫీగా ఉన్నట్టే. పదో ఎత్తుకే 2:10కి పడిపోతుంటే రోగం ఓపెనింగులో ఉంది, తెలిసిన ఒక్క అమరికకు కట్టుబడితే సగం తీరుతుంది. పదికి 2:50 ఉండి ఇరవైకి 1:10 అయితే ఓపెనింగ్ బాగానే ఉంది, ఎక్కడో ఒకే ఎత్తు మీద నలభై సెకన్లు కూర్చున్నారన్నమాట. ఆ ఎత్తు వెతికి పట్టుకోవాలి. చాలాసార్లు అది త్యాగం చేయాలా వద్దా అన్న ఎత్తే అయి ఉంటుంది. ముప్ఫయ్యో ఎత్తుకు 1:40 మిగిలి కూడా ఓడిన గేములుంటే వాటిని విడిగా పెట్టుకోవాలి. అవి వేగం తక్కువై ఓడినవి కావు, ఆగాల్సిన చోట ఆగకుండా ఓడినవి. ఇంజిన్ పెట్టి చూస్తే బ్లండర్ (పెద్ద పొరపాటు) పడిన ఎత్తు పక్కన గడియారం ఒకటి రెండు సెకన్లే చూపిస్తుంది.